ముందు ఇరుసు పాఠాలు – 4: ఊగుడు ఎక్కడ పుడుతోంది?

గత పాఠం చివర ఇచ్చిన పని పూర్తి చేశారనుకుంటాను. టైర్లను బ్యాలెన్స్ చేయించి, అవి చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిచి, ముందు చక్రాలను వెనక్కీ వెనక చక్రాలను ముందుకీ మార్చి, అదే రోడ్డు మీద నడిపి చూడమన్నాను. మార్చాక స్టీరింగ్ ఊగే జబ్బు తగ్గినా, అది మొదలయ్యే వేగం మారినా లోపం టైరులోనో రిమ్ములోనో ఉన్నట్టే. దాన్ని తేల్చుకున్నాకే ఈ పాఠానికి రండి. ఏ మార్పూ కనిపించనివాళ్లు పాత బట్టలు వేసుకోండి. ఈ రోజు బండి కిందికి దూరాలి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట. మనం పాఠాలకు తీసుకున్న బండి మారుతి జిమ్నీ, 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఐదు తలుపుల రకం. దానికి 50 మి.మీ. ఎత్తు పెంచే స్ప్రింగులు వేశాం. 195/80 ఆర్15 టైర్ల స్థానంలో 235/75 ఆర్15 టైర్లు తొడిగాం. టైరు బయటి వ్యాసం ఒక్క దెబ్బకు 40 మి.మీ. పెరిగింది, బరువూ పెరిగింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం గురించి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఏం చెబుతుందో మొదటి పాఠంలోనే చదివాం. మార్పులకు దిగేముందు అది మరోసారి చూసుకోండి. ఇక 2020 తర్వాతి థార్ ఉన్నవాళ్లకు ఈ పాఠం సరిపోదు. ఆ బండిలో ముందు చక్రాలు దేనికవే విడివిడిగా కదులుతాయి. మనం మాట్లాడుకుంటున్న జబ్బు రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసున్న బండ్లది.

మూడు జబ్బులు, మూడు పేర్లు

"స్టీరింగ్ ఊగుతోంది" అనే ఒక్క మాటతో చాలామంది మూడు వేరువేరు సంగతులు చెబుతారు. మొదటిది వణుకు. ఒక వేగం దగ్గర మొదలై, ఇంకాస్త వేగం పెంచితే తగ్గిపోతుంది. రోడ్డు నున్నగా ఉన్నా వస్తుంది. అది దాదాపు ఎప్పుడూ చక్రాలదే, గత పాఠంతో తీరిపోవాలి. రెండోది దారి తప్పడం. బండి తిన్నగా పోదు, మలుపు తిప్పి వదిలినా స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, హైవే మీద చేతులు నిరంతరం సరిదిద్దుతూనే ఉంటాయి. ఇది ముఖ్యంగా కాస్టర్ కోణానికి, అంటే చక్రం ఏ గీత చుట్టూ కుడి ఎడమలకు తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలిన కోణానికి, సంబంధించినది.

మూడోది ఊగుడు. బండి మామూలుగానే పోతూ ఉంటుంది. ఫ్లైఓవర్ మీద ఇనుప జాయింటు మీదో, చిన్న గుంతలోనో ఒక చక్రం పడుతుంది. అంతే, స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు కుడి ఎడమలకు కొట్టుకోవడం మొదలవుతుంది. గుంత దాటినా ఆగదు, పైగా పెరుగుతుంది. వేగం బాగా తగ్గితే గాని శాంతించదు. అమెరికాలో జీపుల వాళ్లు దీనికి డెత్ వాబుల్ అని పేరు పెట్టారు. ఒకసారి అనుభవించినవాళ్లెవరికీ ఆ పేరు అతిగా అనిపించదు.

మీకు రోడ్డు మీద ఇది వస్తే ఏం చేయాలో ఇప్పుడే చెబుతాను, పాఠం చివరిదాకా ఆగకూడని విషయం ఇది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకోండి, కాని ప్రతి ఊపుకూ ఎదురు తిప్పబోకండి. మీ తిప్పుడు ఒక్క క్షణం ఆలస్యమైనా ఊపుకు తోడవుతుంది. బ్రేకును గట్టిగా తొక్కకండి. బండిని తిన్నగా ఉంచి, వెనక వచ్చేవాళ్లకు సిగ్నల్ ఇచ్చి, మెల్లగా పక్కకు తీయండి. లోపం తేలేదాకా 50 కి.మీ. వేగం దాటకుండా బండిని ఇంటికి తెచ్చుకోండి, లేదా అక్కడి నుంచి ఎత్తించుకు రండి. బండిలో పిల్లలు ఉంటే రెండోదే చేయండి.

ఊగుడు ఎందుకు పెరుగుతుంది

80 కి.మీ. వేగంలో మన 235 టైరు సెకనుకు తొమ్మిదిన్నర సార్లకు పైగా తిరుగుతుంది. అంత బరువు, అంత వేగంతో తిరుగుతుంటే అది బొంగరమే. తిరుగుతున్న బొంగరాన్ని ఒక పక్కకు వంచబోతే అది మీరు వంచిన వైపు వంగదు, అడ్డంగా తిరుగుతుంది. చిన్నప్పుడు అరచేతిలో బొంగరం ఎక్కించుకున్నవాళ్లకు ఇది తెలుసు. ఎడమ చక్రం గుంతలోంచి పైకి లేవగానే ఇరుసు మొత్తం వాలుతుంది, రెండు బొంగరాలూ ఒకేసారి వంగుతాయి, రెండూ పక్కకు తిరుగుతాయి. పక్కకు తిరగడం మళ్లీ ఇరుసును వాల్చబోతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరైన క్షణంలో ఎవరో తోసినట్టు, ఒక కదలిక ఇంకో కదలికను తోస్తూ పోతుంది.

కంపెనీ నుంచి వచ్చిన బండిలోనూ ఈ బొంగరాలు ఉన్నాయి. కాని ఇరుసును పట్టుకున్న ప్రతి కీలూ బిగువుగా ఉండి, ఆ ఊపును పుట్టిన చోటే మింగేస్తుంది. బండి ఎత్తు పెంచినప్పుడు మనం చక్రాల బరువు పెంచాం, రాడ్ల వాలు మార్చాం, బోల్టులు విప్పి మళ్లీ బిగించాం. ఎక్కడో ఒక చోట ఆట ఏర్పడింది. ఊగుడుకు కావాల్సింది ఆ కాస్త ఖాళీయే.

అందుకే స్టీరింగ్ డ్యాంపర్, అంటే స్టీరింగ్ రాడ్ల కుదుపును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటి గొట్టం, విషయంలో నేను మొండిగా ఉంటాను. ఊగుతోందని షాపుకు వెళితే ముందుగా చూపించేది అదే: మంచి రంగు, పెద్ద సైజు, విప్పి బిగించడం అరగంట పని. వేసిన రోజు ఊగుడు నిజంగానే మాయమవుతుంది. కాని వదులైన కీలు లోపల అరుగుతూనే ఉంటుంది, డ్యాంపర్ దాని చప్పుడు వినబడకుండా చేస్తుంది. ఆ కొత్త డ్యాంపర్ కూడా అలిసిపోయిన రోజున ఊగుడు తిరిగి వస్తుంది, అప్పటికి ఆట రెండింతలై ఉంటుంది. డ్యాంపర్ పాడైతే మార్చాల్సిందే, కాని అన్నిటికంటే చివర. నిజానికి ఇప్పుడు చేయబోయే పరీక్షకు ముందు దాన్ని ఒక వైపు విప్పి పక్కకు కట్టేయమంటాను. అది ఉంటే చిన్న ఆటలు దాక్కుంటాయి. పరీక్ష అయ్యాక మళ్లీ బిగించకుండా బండిని రోడ్డెక్కించకండి.

బండి కింద పరీక్ష

దీనికి ఇంకో మనిషి కావాలి. మీ మాట విని, మీరు చెప్పినప్పుడే కదిలే మనిషి. బండిని గట్టి, చదునైన నేల మీద ఆపండి. జాకీ వద్దు, చక్రాలు నేల మీదే ఉండాలి. టైరు నేలను పట్టుకుని ఉంటేనే కీళ్ల మీద బరువు పడి ఆట బయటికొస్తుంది. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి, హ్యాండ్ బ్రేక్ లాగండి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఇంజన్ నడవనివ్వండి. మూసిన షెడ్డులో మాత్రం చేయకండి. పొగ గొట్టం వేడి గుర్తుంచుకోండి.

మీరు ముందు నుంచి బండి కిందికి జరిగి వెల్లకిలా పడుకున్నాక, లోపలున్న మనిషి స్టీరింగ్‌ను కుడికి కాస్త, ఎడమకు కాస్త తిప్పుతూ ఉండాలి. గడియారంలో పది నుంచి రెండు దాకా చాలు. మెల్లగా కాదు, చకచకా. చక్రాలు పూర్తిగా తిరగకూడదు, తిరగడానికి కొంచెం ముందు ఆగిపోవాలి. ఆ పెనుగులాటలోనే కీళ్లు నిజం చెబుతాయి.

మొదట కన్ను, తర్వాత వేలు. ఒక్కో కీలు దగ్గర వేలును రెండు భాగాల అంచుల మీద అడ్డంగా ఆనించండి. మధ్య సందులో పెట్టకండి, నలుగుతుంది. రెండు భాగాలూ కలిసి కదిలితే వేలికి ఏమీ తెలియదు. ఒకటి ముందు కదిలి రెండోది తర్వాత అందుకుంటే వేలి కింద టిక్కుమంటుంది. కంటికి కనపడని ఆట కూడా వేలికి దొరుకుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే పాన్‌హార్డ్ రాడ్ దగ్గర. ఇరుసును ఛాసిస్‌కు అడ్డంగా పట్టి ఉంచే ఒంటరి కడ్డీ అది. పక్క ఊపు మొత్తం దాని రెండు చివర్ల మీదే పడుతుంది. చివరి బుష్ రబ్బరు కొంచెం మెలితిరగడం సహజం. బుష్ లోపలి ఇనుప గొట్టం బ్రాకెట్‌లో కదలడం, బోల్టు రంధ్రంలో అటూ ఇటూ జరగడం సహజం కాదు. తర్వాత స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే డ్రాగ్ లింక్ రెండు చివర్లు, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ రెండు చివర్లు చూడండి. టై రాడ్ తన చుట్టూ తాను కొంచెం దొర్లితే కంగారు పడకండి, బాల్ జాయింటు తత్వమే అది. పైకీ కిందికీ ఎగిరితేనే లోపం. చివరగా స్టీరింగ్ బాక్సు చూడండి. అది ఛాసిస్‌కు బిగిసి ఉన్న చోట బోల్టులు కదులుతున్నాయా, దాని కింది చెయ్యి షాఫ్టు మీద వదులైందా అన్నది వేలితోనే తేల్చుకోండి.

నా దగ్గరికి ఒకసారి ఒక బండి వచ్చింది. రెండు డ్యాంపర్లు మార్చారు, మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించారు, టైర్లు కొత్తవి. యజమాని భార్య ఆ బండి ఎక్కడం మానేసింది. పాన్‌హార్డ్ రాడ్ ఇరుసు వైపు బోల్టు చుట్టూ గోధుమ రంగు పొడి కనిపించింది, పక్కనే వాషరు అంచు కింద చంద్రవంకలా మెరుస్తున్న ఇనుము. తుప్పు పొడి, మెరుపు పక్కపక్కనే ఉంటే అక్కడ లోహం లోహంతో రాసుకుంటోందని అర్థం. బోల్టు తీసి చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. ఆట గోరు మందం కూడా లేదు. ఎత్తు పెంచే సామాను బిగించినప్పుడు ఎవరో ఆ బోల్టును చాలినంత బిగించలేదు. అన్ని వేల కిలోమీటర్లూ అది రంధ్రాన్ని కొరుకుతూ వచ్చింది.

అలాంటి రంధ్రాన్ని బోల్టు మరింత బిగించి బాగు చేయలేం. సరైన కొలత రంధ్రమున్న మందపాటి వాషర్లను బ్రాకెట్‌కు రెండు వైపులా వెల్డింగ్ చేయించాలి, లేదా బ్రాకెట్టే మార్చాలి. బోల్టు ఎంపిక కూడా ముఖ్యమే. బ్రాకెట్ గోడలు తాకే చోట బోల్టుకు నున్నని భాగం ఉండాలి, మరలు ఉండకూడదు. మర అంచులు ఆకురాయిలా పనిచేసి రంధ్రాన్ని తినేస్తాయి.

బిగించే పద్ధతిలో ఒక పొరపాటు నాకు చాలా బండ్లలో కనిపిస్తుంది. జాకీ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగా పాన్‌హార్డ్ రాడ్, ఇరుసు చేతుల బోల్టులు పూర్తిగా బిగిస్తారు. బుష్ రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది; వేలాడే స్థితిలో బిగిస్తే బండి కిందికి దిగగానే అది మెలిపడి, రోజంతా ఆ మెలికలోనే ఉంటుంది, త్వరగా చీలుతుంది. చేత్తో తిప్పినంత బిగించి, బండిని కిందికి దించి, రెండుసార్లు ఊపి కూర్చోబెట్టి, అప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు బిగించాలి. తల మీద, బ్రాకెట్ మీద కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. 500 కి.మీ. తర్వాత గీత విరిగిందేమో చూడండి.

చక్రం ఎత్తి చూడాల్సినవి

కింద ఏమీ దొరక్కపోతే ఇంజన్ ఆపి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కింద తల పెట్టవద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట తగిలితే లోపలున్న మనిషిని బ్రేకు తొక్కి ఉంచమనండి. ఆట పోతే అది చక్రం బేరింగుది. బ్రేకు తొక్కినా పోకపోతే కింగ్‌పిన్ బేరింగులది, అంటే చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే నకిల్ ఇరుసుకు కలిసే చోట ఉండేవాటిది. డిస్కునూ నకిల్‌నూ బ్రేకు కలిపి పట్టేస్తుంది కాబట్టి వాటి మధ్య ఉన్న బేరింగు ఆట దాక్కుంటుంది, నకిల్ అవతల ఉన్నది దాక్కోదు. ఇంత చిన్న ఉపాయం ఎన్నో వేల రూపాయల అనవసర సామాను ఆపుతుంది.

ఇక రెండో జబ్బు, దారి తప్పడం గురించి కొంచెం. జిమ్నీలో ఇరుసును పట్టే చేతులు వెనక ఛాసిస్‌కు, ముందు ఇరుసుకు బిగిసి ఉంటాయి. ఛాసిస్ 50 మి.మీ. లేస్తే చేతి వెనక చివర లేస్తుంది, దాంతో ఇరుసు పైభాగం ముందుకు తిరుగుతుంది, కాస్టర్ తగ్గుతుంది. చెయ్యి పొడవు 900 మి.మీ. అనుకుంటే తగ్గేది దాదాపు 3 డిగ్రీలు. మీ బండి చెయ్యి టేపుతో కొలిచి మీ లెక్క మీరు వేసుకోండి. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి దాని ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం ఒక కారణం. పోగొట్టుకున్నది ఆ వాలునే. రంధ్రం పక్కకు జరిపి చేసిన ప్రత్యేక బుష్‌లతో దాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. కమాన్ కట్టల జిప్సీకైతే ఇరుసుకూ కట్టకూ మధ్య చీలిక ఆకారపు ఇనుప ముక్క పెడతారు. కాని ఊగుడు తగ్గుతుందని కాస్టర్‌ను అవసరానికి మించి పెంచకండి. మితిమీరితే ఊగుడు ఎక్కువవుతుంది.

పాన్‌హార్డ్ రాడ్ వాలు పెరగడం వల్ల ఇరుసు ఒక పక్కకు కూడా జరుగుతుంది. రెండు వైపులా మడ్‌గార్డు అంచు నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి టైరు దాకా కొలవండి. తేడాలో సగం ఇరుసు జరిగిన దూరం. సర్దుబాటు చేసుకునే రాడ్‌తో దాన్ని మధ్యకు తెచ్చాకే అలైన్‌మెంట్‌కు వెళ్లండి, ముందు కాదు.

వచ్చే పాఠానికి ఈ పరీక్షలో దొరికిన ప్రతి ఆటను ఎక్కడ, ఏ చివర, ఎంత అని ఒక కాగితం మీద రాసి తీసుకురండి. ఒకేసారి అన్నీ మార్చవద్దు. ఒకటి మార్చి, నడిపి, రాసుకోండి. కింగ్‌పిన్ ఆట తేలినవాళ్లు ఒక కొక్కెం త్రాసు, చక్రం బేరింగు గ్రీజు, మీ బండి సర్వీసు మాన్యువల్‌లో నకిల్ తిప్పడానికి పట్టే బలం అంకె ఉన్న పేజీ సిద్ధంగా పెట్టుకోండి. ఐదో పాఠంలో నకిల్ విప్పి షిమ్ములు, అంటే సందులో పెట్టే పల్చని రేకు బిళ్లలు, తీస్తాం.