బ్యాంకు బాస్‌ల బయోడేటా ఎలా చదవాలి: నేను పాటించే పద్ధతి

ఏ బ్యాంకు యాన్యువల్ రిపోర్టు తెరిచినా డైరెక్టర్ల ఫోటోల కింద అవే మాటలు కనిపిస్తాయి. "మూడు దశాబ్దాలకు పైగా అపార అనుభవం", "వివిధ కీలక బాధ్యతలు". అవి చదివితే అందరూ ఉద్దండులే అనిపిస్తుంది. నేనూ అలాగే చదివి ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. నాన్న రిటైర్మెంట్ డబ్బులో 2 లక్షలు ఒక ఫైనాన్స్ కంపెనీ షేర్లలో పెట్టించాను, దాని సీఈఓకి 30 ఏళ్ల అనుభవం ఉందన్న ఒక్క ధైర్యంతో. ఆ 30 ఏళ్లూ ఆయన లోన్లు అమ్మడమే తప్ప వసూళ్ల వైపు ఒక్కరోజు కూడా కూర్చోలేదని నాకు తెలిసేసరికి షేరు సగానికి పడిపోయింది. నాన్న ఏమీ తిట్టలేదు, "పోనీలేరా" అన్నారంతే, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అప్పటి నుంచి షేర్లు కొనాలన్నా, తెలిసిన పిల్లలెవరైనా ఫలానా బ్యాంకులో చేరమంటారా అని అడిగినా, ముందు పైన కూర్చున్న మనిషి కెరీర్‌ను విప్పి చూస్తాను.

దీనికి కావలసింది ఒక రూళ్ల నోట్‌బుక్కు, పెన్సిలు. పేజీలో మూడు గడులు గీయండి. ఎడమ గడిలో సంవత్సరం, మధ్యలో సంస్థా ఊరూ, కుడి గడిలో ఆయన నిజంగా చేసిన పని. హోదాలు రాయొద్దు. వైస్ ప్రెసిడెంట్ అంటే ఒకచోట పెద్ద పదవి, ఇంకోచోట ఫ్లోరుకి ఇరవై మంది ఉంటారు. అసలు చూడాల్సింది కుడి గడి. లోన్లు అమ్మారా, మంజూరు చేశారా, వసూలు చేశారా, ట్రెజరీలో (బ్యాంకు సొంత డబ్బు, పెట్టుబడులు చూసే విభాగం) ఉన్నారా, లెక్కలు చూశారా, టెక్నాలజీ నడిపారా? బయోడేటాలో అది దొరక్కపోతే ఆ గడి ఖాళీగానే వదిలేయండి. ఎన్ని ఖాళీలు మిగిలాయో చివర్లో లెక్క తేలుతుంది.

మనకు దగ్గరి ఉదాహరణ స్టేట్ బ్యాంక్ ఛైర్మన్ చల్లా శ్రీనివాసులు శెట్టి గారు. ఊరు జోగులాంబ గద్వాల జిల్లాలోని పెద్దపోతులపాడు, చదివింది అగ్రికల్చర్ బీఎస్సీ. 1988లో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరారు, 2020 జనవరిలో మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు, 2024 ఆగస్టులో ఛైర్మన్. ఇంతవరకు పేపర్లన్నీ రాశాయి. కుడి గడి నింపుతుంటే అసలు సంగతి తెలుస్తుంది. మధ్యలో న్యూయార్క్ బ్రాంచిలో సిండికేషన్ (కొన్ని బ్యాంకులు కలిసి ఒకే పెద్ద అప్పు ఇవ్వడం) పని చూశారు, మేనేజింగ్ డైరెక్టర్ కాకముందు మొండి బకాయిల విభాగం నడిపారు. ఆ రెండో దాని కింద నేను ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను. ఎందుకంటే ఎగ్గొట్టిన అప్పుల ఫైళ్లు చదివిన మనిషికి కొత్త అప్పు మీద సంతకం పెట్టే ముందు ఏం అడగాలో తెలిసే అవకాశం ఎక్కువ.

ఆ పేజీ పక్కనే ఆయనకు ముందున్నవాళ్ల పేజీలు కూడా పెట్టి చూడండి. అరుంధతీ భట్టాచార్య 1977లో, రజనీష్ కుమార్ 1980లో, దినేశ్ ఖారా 1984లో, అందరూ ప్రొబేషనరీ ఆఫీసర్లుగా చేరినవాళ్లే. అంటే అక్కడ "ఎక్కడి నుంచి వచ్చారు" అన్న ప్రశ్న వేసుకుని లాభం లేదు. "లోపల ఏ కుర్చీల్లో కూర్చున్నారు" అన్నది ఒక్కటే అడగాలి.

ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం మొదటి ప్రశ్న కూడా ముఖ్యమే. సిటీబ్యాంక్ పేరు మీకు పదేపదే తగులుతుంది. ఆదిత్య పురి 1994లో మలేసియా సిటీబ్యాంక్ వదిలి వచ్చి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకును మొదలుపెట్టారు. సింగపూర్ డీబీఎస్ బ్యాంకును 2009 నుంచి 2025 మార్చి దాకా నడిపిన పీయూష్ గుప్తా, 2024 జనవరిలో కోటక్ బ్యాంకు పగ్గాలు పట్టిన అశోక్ వాస్వానీ, వీళ్లకూ సిటీలో ఏళ్ల తరబడి పనిచేసిన అనుభవం ఉంది. ఇలా ఒకే సంస్థ పేరు కనిపిస్తే ఆ మనిషికి ఎలాంటి పని అలవాటైందో కొంత అంచనా దొరుకుతుంది. కానీ అక్కడితో ఆగొద్దు. పురి తర్వాత 2020లో వచ్చిన శశిధర్ జగదీశన్ 1996లో అదే బ్యాంకు ఫైనాన్స్ విభాగంలో మేనేజర్‌గా చేరి 2008లో సీఎఫ్ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) అయిన మనిషి. ఒకాయన బ్యాంకును కట్టారు, ఇంకొకాయన ఆ బ్యాంకు లెక్కల్లో పెరిగారు. ఒకే కుర్చీ అయినా పేజీలు రెండూ పూర్తిగా వేరు.

దేశాన్ని బట్టి చదివే తీరు మారాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

జపాన్‌లో పెద్ద బ్యాంకుల అధిపతులు ఎక్కువమంది కాలేజీ నుంచి నేరుగా చేరి అక్కడే పైకొచ్చినవాళ్లు, కాబట్టి ఉద్యోగాలు మారలేదేంటని ఆశ్చర్యపోవద్దు. అక్కడ చూడాల్సింది విలీనానికి ముందు ఆయన ఏ బ్యాంకు మనిషి అన్నది. మిజుహోనే తీసుకోండి. దైఇచి కంగ్యో, ఫుజీ, ఇండస్ట్రియల్ బ్యాంక్ ఆఫ్ జపాన్ మూడూ కలిసి 2000లో పుట్టింది. 2002లో సిస్టమ్‌లను కలిపిన మొదటి రోజే ఏటీఎంలు మొరాయించాయి, 2011లో మళ్లీ అదే తంతు. 2021 ఫిబ్రవరిలో అయితే వేలాది ఏటీఎంలు ఆగిపోయి జనం కార్డులూ పాసుబుక్కులూ కలిపి 5 వేలకు పైగా మింగేశాయి. కార్డు లోపల ఇరుక్కుపోయి, చెప్పేవాళ్లు లేక మిషన్ ముందే నిలబడిపోయిన కస్టమర్ టెన్షన్ ఒక్కసారి ఊహించుకోండి. ఆ దెబ్బకి గ్రూప్ సీఈఓ సకాయ్ తప్పుకుంటే 2022 ఫిబ్రవరిలో కిహారా వచ్చారు. పేజీలు గీసి చూస్తే ఇద్దరూ ఆ మూడింట్లో ఒక్కదాని నుంచి, ఇండస్ట్రియల్ బ్యాంక్ నుంచి వచ్చినవాళ్లే. ఇంగ్లిష్ బయోడేటా పైపైన చదివితే ఈ సంగతి కంటికి ఆనదు.

చైనాలో ప్రభుత్వ బ్యాంకులవాళ్ల కెరీర్ మన ఐఏఎస్ ఆఫీసర్ల బదిలీల్లా ఉంటుంది. గువో షుచింగ్ చైనా కన్‌స్ట్రక్షన్ బ్యాంక్ ఛైర్మన్‌గా చేశాక షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థకు, అక్కణ్ణించి షాన్‌డాంగ్ రాష్ట్ర గవర్నర్‌గా, 2017లో బ్యాంకింగ్ నియంత్రణ సంస్థకు వెళ్లారు. అక్కడ తరచూ మారడం నిలకడలేనితనం కాదు. అదే మార్పులు మన ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ సీఈఓ పేజీలో, ఎనిమిదేళ్లలో ఐదు సంస్థలుగా కనిపిస్తే, నేనైతే డబ్బు పెట్టను.

కుటుంబాల బ్యాంకులు ఇంకో రకం. సింగపూర్ యూఓబీ అధిపతి వీ ఈ చియాంగ్ మూడో తరం మనిషి, 1979లో చేరితే సీఈఓ అయింది 2007లో. వారసుడు కదా అని కొట్టిపారేయకండి, మధ్యలో ఆ 28 ఏళ్లు ఏ పనులు చేశారో చూడండి.

ఇక గ్యాప్‌లు, దెబ్బలు. ఖాళీ ఏడాది కనిపించగానే అనుమానపడే అలవాటు నాకూ ఉండేది, అది తప్పని డీబీఎస్ పీయూష్ గుప్తా పేజీ చూశాక అర్థమైంది. డాట్‌కామ్ హడావిడిలో ఆయన సిటీ వదిలేసి సొంత వెబ్‌సైట్ కంపెనీ పెట్టారు, అది నెలల్లోనే మునిగింది, తిరిగి సిటీకే వచ్చారు. ఆ సంగతి ఆయనే బయట చెప్పుకున్నారు, దాచలేదు. నేను వెతికేది దెబ్బ తగిలిందా అని కాదు, తగిలినప్పుడు ఒప్పుకున్నారా అని. డీబీఎస్‌లో ఆన్‌లైన్ సేవలు పదేపదే ఆగిపోతే 2023 నవంబరులో సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ అత్యవసరం కాని ఐటీ మార్పులను 6 నెలలు ఆపించింది, ఆ ఏడాదికి సీఈఓ గుప్తా వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే జీతం) 30 శాతం కోసేశారు. ఇలాంటివి కూడా నోట్‌బుక్కులో ఆ ఏడాది పక్కన రాసుకోవాలి, విజయాలు వాళ్లే రాసుకుంటారు.

సమాచారం ఎక్కడ దొరుకుతుందంటే, లింక్డ్‌ఇన్‌ను అన్నిటికన్నా చివర చూడండి, అది వాళ్లు స్వయంగా రాసుకున్నది. మన దగ్గర లిస్టెడ్ కంపెనీ కొత్త సీఈఓని నియమిస్తే సంక్షిప్త ప్రొఫైల్‌ను స్టాక్ ఎక్స్ఛేంజికి ఇవ్వాలి, అది బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో ఉచితం. సీఈఓ, సీఎఫ్ఓ లాంటివాళ్లు రాజీనామా చేస్తే కారణాలతో ఉన్న ఆ లేఖను కూడా, రాజీనామా అమల్లోకి వచ్చిన 7 రోజుల్లో బయటపెట్టాలి. ఆ లేఖల్లో "వ్యక్తిగత కారణాలు" అని ఉంటే తేదీ చూడండి. క్వార్టర్ ఫలితాలకు వారం ముందు సీఎఫ్ఓకి వ్యక్తిగత కారణాలు వచ్చాయంటే ఆ ఫలితాలు వచ్చేదాకా నేను షేరు జోలికి పోను. ప్రైవేటు బ్యాంకు ఎండీ 15 ఏళ్లకు మించి ఉండకూడదని, 70 దాటకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది కాబట్టి, దానివల్ల దిగిపోయినవాళ్లని అనుమానించకండి. పురి దిగింది ఆ వయసు దగ్గరే.

ఒక్కో మనిషికి మొదట్లో రెండు గంటలు పడుతుంది, పదో పేజీకి అరగంటలో అయిపోతుంది. మీ జీతం ఏ బ్యాంకులో పడుతోందో దాని ఎండీతోనే మొదలుపెట్టండి, ఆ తర్వాత సీఎఫ్ఓ పేజీ, తర్వాత రిస్క్ విభాగం చూసేవాళ్ల పేజీ. నాన్న డబ్బు పోయిన కంపెనీలో ఆ రిస్క్ కుర్చీలో రెండేళ్లలో ముగ్గురు మారారు. ఆ సంగతి వాళ్ల యాన్యువల్ రిపోర్టులోనే ఉంది, నేను ఆ పేజీ తిప్పలేదు.