1.3 డీజిల్‌కు టర్బో అప్‌గ్రేడ్: కొనే ముందు వేయాల్సిన గాలి లెక్క

డీజిల్ ఇంజిన్‌లో పవర్ పెరగాలంటే ఎక్కువ ఇంధనం కాలాలి. అది నల్లపొగ లేకుండా కాలాలంటే దాని బరువుకు దాదాపు 19 రెట్ల గాలి అందాలి. ఎగ్జాస్ట్ తోపుతో తిరుగుతూ ఆ గాలిని ఇంజిన్‌లోకి నెట్టేదే టర్బో, అందుకే అది కొనే ముందు కాగితం, పెన్ను తీసుకోండి. ఇక్కడ ఉదాహరణ 1248 సీసీ 1.3 డీజిల్. స్విఫ్ట్, డిజైర్, పుంటో, ఇండికా విస్టాల్లో వచ్చిన ఈ ఫియట్ ఇంజిన్ 75 పీఎస్ రకానికి వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే తలుపు) ఉన్న మామూలు టర్బో ఉంటుంది. ఎర్టిగా, సియాజ్‌లలో వచ్చిన 90 పీఎస్ రకానికి వీజీటీ, అంటే ఎగ్జాస్ట్ వైపు రెక్కల (వేన్‌ల) కోణం మార్చుకునే టర్బో ఉంటుంది.

లక్ష్యం 105 పీఎస్ అనుకుందాం, అంటే 77 కిలోవాట్లు. 4,000 ఆర్‌పీఎం దగ్గర కిలోవాట్‌కు గంటకు 235 గ్రాముల డీజిల్ వేసుకుంటే 18 కిలోలు. దానికి 19 రెట్ల గాలి అంటే గంటకు 345 కిలోలు, నిమిషానికి 5.75 కిలోలు. అదే వేగంలో ఇంజిన్ నిమిషానికి పీల్చేది 1.248 లీటర్లు × 2,000 (రెండు చుట్లకు ఒకసారి పీలుస్తుంది కాబట్టి) × 0.85 (సిలిండర్ నిండే పాలు), అంటే 2,120 లీటర్లు. అంత చోటులో అంత గాలి పట్టాలంటే, ఇంటేక్‌లో 60 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, వాతావరణ పీడనంతో కలిపి 2.6 బార్ కావాలి.

ఇక్కడే హైదరాబాద్ లెక్కలోకి వస్తుంది. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పీడనం 0.95 బార్. ఎయిర్ ఫిల్టర్‌లో పోయేది తీసేస్తే కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) నోటి దగ్గర 0.92 మిగులుతుంది. ప్రెషర్ రేషియో, అంటే బయటికొచ్చే పీడనం లోపలికెళ్లేదానికి ఎన్ని రెట్లో, 2.6 ÷ 0.92, అంటే 2.8. అదే ట్యూన్‌కు (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్‌కు) సముద్రమట్టానికి దగ్గరున్న విజయవాడలో 2.65 సరిపోతుంది. అక్కడ హాయిగా నడిచిన టర్బో ఇక్కడ అదే 2.6 బార్ ఇవ్వడానికి ఇంకా వేగంగా తిరగాలి. ఈ సైజు టర్బోలు మామూలుగానే నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటుతాయి కాబట్టి ఆ తేడా చిన్నదేమీ కాదు. పైగా కంప్రెసర్ మ్యాప్ (ఎంత గాలికి, ఎంత రేషియోకు ఆ టర్బో పనికొస్తుందో చూపే పటం) గీసేది చల్లని, చిక్కని గాలికి. 40 డిగ్రీల మే నెల గాలికి సవరిస్తే, మ్యాప్ ఏ ప్రమాణానికి గీశారన్న దాన్ని బట్టి, 5.75 కిలోలను 6.1 నుంచి 6.4 కిలోలుగా చదవాలి.

ఆ గాలి, 2.8 రేషియో కలిసేది మ్యాప్‌పై మొదటి బిందువు. రెండో బిందువు ఇంకా ముఖ్యం. 1,800 ఆర్‌పీఎం దగ్గర 1.2 బార్ బూస్ట్ (వాతావరణ పీడనానికి పైన టర్బో ఇచ్చేది) కావాలంటే గాలి నిమిషానికి 2.1 కిలోలే, రేషియో మాత్రం 2.3. ఈ బిందువు మ్యాప్‌లో సర్జ్ గీతకు (అది దాటితే గాలి వెనక్కి తన్నుతుంది) ఎడమవైపు పడితే ఆ టర్బో మీది కాదు. మరీ పెద్ద కంప్రెసర్ వీల్ వేసినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది: పెడల్ నొక్కగానే బుసబుస చప్పుడు, ఆపైన థ్రస్ట్ బేరింగ్ (షాఫ్ట్ ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపేది) అరగడం. అమీర్‌పేట, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో మీరు ఎక్కువసేపు ఉండేది 1,500 నుంచి 2,200 ఆర్‌పీఎం మధ్య. అక్కడ బూస్ట్ ఆలస్యమైతే పైన ఎంత పవర్ ఉన్నా బండి బరువుగానే అనిపిస్తుంది.

120 పీఎస్ అడిగేవాళ్లు ఇదే లెక్క మళ్లీ వేయండి. 3 బార్ మొత్తం పీడనం, 3.3 రేషియో వస్తాయి. 1.3కి అది వద్దు.

105కి దారులు రెండు. ఒకటి, 90 పీఎస్ రకం వీజీటీ. కింద బాగా లాగుతుంది, కానీ మేనిఫోల్డ్, ఆయిల్ పైపులు, వ్యాక్యూమ్ సోలనాయిడ్, దాన్ని నడపగల ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అన్నీ కలిపి రావాలి. ఉత్త టర్బో తెచ్చి వేన్ లివర్‌ను ఒక చోట బిగించడం పని కాదు. రెండోది హైబ్రిడ్: పాత హౌసింగ్‌నే మెషినింగ్ చేసి కాస్త పెద్ద కంప్రెసర్ వీల్ వేస్తారు. 75 పీఎస్ బండికి మా ఓటు దీనికే. కోర్‌ను (షాఫ్ట్, వీల్స్ ఉండే మధ్యభాగాన్ని) హైస్పీడ్ మెషిన్ మీద బ్యాలెన్స్ చేసిన రిపోర్ట్ చేతికివ్వకపోతే తీసుకోకండి.

రాణిగంజ్‌లోనో మరెక్కడో సెకండ్‌హ్యాండ్ టర్బో చూస్తుంటే ముందు నేమ్‌ప్లేట్ నంబర్ సరిచూడండి. షాఫ్ట్‌ను పక్కలకు కదిపితే కొంచెం ఆట ఉంటుంది, అది సహజమే. వీల్ హౌసింగ్‌కు తగలకూడదు. ముందుకూ వెనక్కూ లాగితే ఆట చేతికి తెలియకూడదు, తెలిసిందంటే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే. బ్లేడు అంచు ఒక్కటి విరిగి ఉన్నా వదిలేయండి.

2.8 రేషియో దగ్గర కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి 190 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని 60కి బదులు 80కే దించితే దాదాపు 6 శాతం గాలి పోయినట్టే. అందుకే డబ్బు తక్కువుంటే మొదట ఇంటర్‌కూలర్‌కే పెట్టండి. ఇంటేక్ పీడనం కొలిచే మ్యాప్ (MAP) సెన్సర్ 2.5 బార్ వరకే చదివేదైతే 3 బార్‌ది వేసి ట్యూన్‌లో ఆ స్కేల్ మార్చాలి. ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్ (వెనక్కి పోయే డీజిల్‌ను కొలిచే పరీక్ష) చేయించండి. కారుతున్న ఇంజెక్టర్ మీద ట్యూన్ కట్టడం పిస్టన్‌కు చిల్లు పెట్టుకోవడమే. టర్బైన్‌కు ముందు పైరోమీటర్ పెట్టి, ఎగ్జాస్ట్ వేడి నిలకడగా 750 డిగ్రీలు దాటకుండా ఇంధనం తగ్గించమనండి. టార్క్ అసలున్న 190 నుంచి పెరిగి 230 ఎన్‌ఎం దాటితే పాత క్లచ్ జారడం ఖాయమని లెక్కలో వేసుకోండి.

ఇంజిన్ మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. 2019 సవరణతో అక్రమ మార్పుకు ఒక్కోదానికి ₹5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. ముందే ఆర్టీఏలో అడగండి, బీమా కంపెనీకి రాసివ్వండి.

బిగించేటప్పుడు కొత్త టర్బోలు ఎక్కువగా చచ్చేది నూనె అందకే. ఆయిల్ ఫీడ్ పైపు కొత్తదే వేయండి, పాతదాని లోపల మాడిన నూనె పేరుకుని ఉంటుంది. రాగి వాషర్లూ కొత్తవే. గ్యాస్కెట్ దగ్గర సిలికాన్ పూయొద్దు, ముక్క ఊడి రంధ్రం మూసేస్తుంది. డ్రెయిన్ పైపు వంపు లేకుండా కిందికే దిగాలి. పాత టర్బో విరిగి ఉంటే ఇంటర్‌కూలర్ విప్పి కడగాలి, లోపల లోహపు ముక్క మిగిలితే అది నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఫీడ్ రంధ్రంలో 20 మిల్లీలీటర్ల నూనె పోసి చేత్తో తిప్పండి. ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసి 10 సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు క్రాంక్ చేశాక స్టార్ట్ చేసి, మూడు నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. మొదటి 300 కిలోమీటర్లు పూర్తి బూస్ట్ వద్దు. ఆ తర్వాత మూడో గేర్‌లో, ల్యాప్‌టాప్ చూసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, అడిగిన బూస్ట్‌నూ వచ్చిన బూస్ట్‌నూ లాగ్ చేయండి. రెండింటి మధ్య 0.1 బార్‌కు మించి తేడా నిలబడితే ట్యూన్ ముట్టుకోకుండా ముందు హోస్ క్లిప్పులు చూడండి.