లేని విమానాన్ని కట్టడం ఎలా? డకోటా కిట్లతో ఒక ఊహా విమానం

1941లో చైనాలో నేల మీద నిలిపి ఉన్న ఒక డీసీ-3 విమానానికి బాంబు దాడిలో కుడి రెక్క పోయింది. సరిపోయే రెక్క దగ్గర్లో లేదు. దాని ముందు తరం డీసీ-2 రెక్కను ఇంకో విమానం పొట్ట కింద కట్టి తీసుకొచ్చి బిగించారు. అది అసలు రెక్క కంటే ఐదు అడుగులు పొట్టి. అయినా ఆ విమానం లేచింది, క్షేమంగా దిగింది. దానికి ‘డీసీ-రెండున్నర’ అన్న పేరు నిలిచిపోయింది.

కిట్ అంటే పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్కలు, వాటిని అతికిస్తే చిన్న నమూనా విమానం, అంటే మోడల్, తయారవుతుంది. ఊహా మోడళ్లంటే నాకు ఇష్టం కలగడానికి కారణం ఈ విమానమే. మోడలింగ్ చేసేవాళ్లు వీటిని ‘వాట్-ఇఫ్’ మోడళ్లు అంటారు. ఎప్పుడూ ఎగరని విమానాన్ని, ఎగిరే ఉంటుందని నమ్మేలా కట్టాలి.

ముందు కథ

కిట్ పెట్టె తెరిచే ముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ఏ సంవత్సరం, ఎవరి విమానం, ఏ అవసరం. అసలు చరిత్రలో ఒక్కటంటే ఒక్క విషయమే మార్చండి. మిగతా మార్పులన్నీ దాని వెంట రావాలి. నాలుగైదు మార్చితే చూసేవాళ్లకు ఏదీ నమ్మబుద్ధి కాదు.

నా కథ ఇది. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. డకోటా అంటే డీసీ-3 సైనిక రూపమే. 1953లో విమాన సంస్థల జాతీయీకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అలా కలవకుండా ఉండి ఉంటే? 1958 నాటికి కొత్త విమానాలు కొనే స్తోమత లేదు, డకోటాలేమో చేతిలో ఉన్నాయి. బ్రిటన్‌లో బీఈఏ అనే విమాన సంస్థ 1951లోనే రెండు డకోటాలకు రోల్స్-రాయిస్ డార్ట్ టర్బోప్రాప్ ఇంజిన్లు (ప్రొపెల్లర్‌ను టర్బైన్ తిప్పే రకం) పెట్టి సరుకు రవాణాకు వాడింది. అదే ఇంజిన్‌తో నడిచే వైకౌంట్ అనే ప్రయాణికుల విమానం రాకముందే ఆ ఇంజిన్ అలవాటు కావాలని చేసిన పని అది. కాబట్టి మన ఇంజినీర్లు కూడా అదే దారి పట్టారనుకుందాం. ఇంజిన్ బలం పెరిగింది కనుక సీట్లు పెంచారు, సీట్ల కోసం ఒళ్లు సాగదీశారు.

ఏమేం కావాలి

1/72 స్కేల్‌లో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, డకోటా కిట్లు రెండు. ఎయిర్‌ఫిక్స్, ఇటలేరి రెండూ చేశాయి. ఏదైనా ఒకటే కంపెనీవి తీసుకోండి, లేకపోతే ముక్కల కొలతలు కలవవు. డార్ట్ ఇంజిన్ల కోసం అదే స్కేల్‌లో ఫోకర్ ఎఫ్-27 కిట్. పాతది, సగం ముక్కలు పోయినదైనా ఫరవాలేదు. సన్నటి రంపం, ప్లాస్టిక్ షీట్, పుట్టీ, 400 నుంచి 1000 నంబరు దాకా నీళ్లతో వాడే గరుకు కాగితం. ఈ స్కేల్‌లో రెక్కల కొస నుంచి కొసకు 40 సెంటీమీటర్లు వస్తుంది, బల్ల మీద చోటు చూసుకోండి.

చాలా కిట్లలో వెనకవైపు పెద్ద కార్గో తలుపు ఉంటుంది. దాన్ని మూసేయాల్సిన పని లేదు. యుద్ధం తర్వాత మన దేశంలో ఎగిరిన డకోటాల్లో చాలావరకు సైన్యం వదిలేసినవే.

ఒళ్లు సాగదీయడం

ఎంత సాగదీయాలి? కొలత విమానంలోనే ఉంది. ప్రయాణికుల డీసీ-3లో వరసకు మూడు సీట్లు, ఏడు వరసలు, మొత్తం 21. వరసకు ఒక కిటికీ. కాబట్టి ఒక కిటికీ మధ్య నుంచి పక్క కిటికీ మధ్య దాకా ఉన్న దూరమే ఒక వరస. రెండో కిట్ నుంచి సరిగ్గా అంత ముక్క కోసి అతికిస్తే కిటికీల వరస చెదరదు.

ఎక్కడ అతికించాలన్నది బరువు చెబుతుంది. డీసీ-3ని మార్చి చేసిన, నిజంగా ఉన్న బాస్లర్ బీటీ-67లో తేలికైన టర్బైన్లు పెట్టారు, అందుకే రెక్కకు ముందు భాగాన్ని 40 అంగుళాలు పొడిగించారు. డార్ట్ అంత తేలిక కాదు. అందుకే నేను రెక్కకు ముందు ఒక వరస, వెనక ఒక వరస కలిపాను. ఇప్పుడు సీట్లు 27.

కోసే ముందు ఒంటి కుడి, ఎడమ సగాలను టేపుతో కలిపి, కోత గీతను చుట్టూ ఒకేసారి గీయండి. గీత పక్కన మందపాటి లేబుల్ టేపు అంటిస్తే రంపం జారదు. చేత్తో నొక్కకండి, రంపం బరువే చాలు. సరిగ్గా తెగుతున్నప్పుడు సన్నటి పొడి రాలుతుంది. తీగల్లా ప్లాస్టిక్ లేస్తే వేడెక్కిందని అర్థం, ఆపి చల్లారనివ్వండి. నా మొదటి ప్రయత్నంలో కోత ఒక మిల్లీమీటరు వంకర పోయింది. అతికించాక వెనక నుంచి చూస్తే తోక రెక్కకు సమాంతరంగా లేదు. మొత్తం విప్పి మళ్లీ చేయాల్సి వచ్చింది. అందుకే జిగురు ఆరకముందే విమానాన్ని వెనక నుంచి, ముక్కు నుంచి కన్ను ఆనించి చూడండి.

లోపల ప్రతి అతుకు వెనకా ప్లాస్టిక్ పట్టీలు అడ్డంగా అంటించండి. అవి లేకపోతే సానపట్టేటప్పుడే అతుకు విడిపోతుంది. రెక్క వెనక ఒళ్లు కొద్దిగా సన్నబడుతుంది కాబట్టి అక్కడ చిన్న మెట్టు వస్తుంది. పుట్టీ పెట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, నీళ్లతో సానపట్టండి.

ఇంజిన్లు

డకోటా గుండ్రటి కౌలింగ్‌ను (ఇంజిన్ తొడుగును) కోసేసి, ఫోకర్ నుంచి తీసిన సన్నటి డార్ట్ ముందు భాగాన్ని పెట్టాలి. రెండు వ్యాసాలు కలవవు. మధ్యలో ప్లాస్టిక్ షీట్‌తో చేసిన బిళ్ల పెట్టి, పుట్టీతో వాలు తీర్చండి. చక్రం గది మాత్రం పాతదే ఉంచండి. డకోటా చక్రాలు ముడిచినా సగం బయటే కనిపిస్తాయి, దాన్ని చూసే జనం ఈ విమానాన్ని గుర్తుపడతారు. నాలుగు రెక్కల ప్రొపెల్లర్ తిరిగితే ఒంటికి తగులుతుందేమో కొలిచి చూసుకోండి. పొగ గొట్టం చక్రం మీదికి తిరగకూడదు.

ఈ విమానం తోక చక్రం మీద కూర్చుంటుంది కాబట్టి ముక్కులో బరువు పెట్టక్కర్లేదు. కథలో ముక్కు చక్రం ఉంటే మాత్రం ఒళ్లు మూసే ముందే సీసం గుళ్లు వేయాలి.

రంగు, అక్షరాలు

బూడిద రంగు ప్రైమర్ కొడితే దాగిన గీతలన్నీ బయటపడతాయి. మళ్లీ పుట్టీ, మళ్లీ సాన. విసుగు వస్తుంది, కానీ అతుకు కనిపిస్తే ఊహ అక్కడే తెగిపోతుంది. వానాకాలంలో స్ప్రే చేస్తే లాకర్ వార్నిష్ తెల్లగా పాలిపోతుంది, ఎండ కాసిన రోజు చూసుకోండి.

భారత విమానాల నంబరు ‘వీటీ’ అక్షరాలతో మొదలవుతుంది, తర్వాత మూడు అక్షరాలు. పేరు, గీతలు, నంబరు ఇంట్లో ప్రింటర్‌తో డీకల్ కాగితం (నీళ్లలో ముంచి బొమ్మను మోడల్ మీదికి జార్చే కాగితం) మీద వేసుకోవచ్చు. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో ముంచే ముందు వార్నిష్ తప్పనిసరి, లేకపోతే రంగు కరిగిపోతుంది. మామూలు ప్రింటర్ తెలుపు వేయలేదు కాబట్టి పైకప్పుకు ముందే తెల్ల రంగు వేసి, దాని మీద అక్షరాలు పెట్టండి. మెరిసే వార్నిష్ పూత మీదే డీకల్ అతుకుతుంది. గరుకు మీద పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

చివరగా నల్ల పాస్టెల్ సుద్దను పొడి చేసి, మెత్తటి బ్రష్‌తో పొగ గొట్టం నుంచి వెనక్కి, గాలి పోయే దిక్కుగా మాత్రమే, రెండుసార్లు లాగండి.