షుగర్ పేషెంట్ల కంటి స్క్రీనింగ్: ఏఐకి ఏది వదలాలి, డాక్టరు ఏది చూడాలి

డయాగ్నొస్టిక్ సెంటర్లలో ఫండస్ కెమెరా (కంటి లోపలి వెనక భాగాన్ని ఫొటో తీసేది) పెట్టి, రెటీనా (కంటి వెనక పొర) ఫొటోలను ఏఐతో చదివించే సర్వీసు మొదలుపెట్టేవాళ్లు ముందు సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, డాక్టరు కంటికి ఏ ఫొటోలు వెళ్లాలన్నది.

చట్టం వైపు కొంత స్పష్టత ఉంది. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఏఐ డాక్టరుకు సాయపడవచ్చు. పేషెంటుకు సలహా చెప్పడం, మందు రాయడం మాత్రం రిజిస్టర్డ్ డాక్టరే చేయాలి. అమెరికాలో 2018లో, డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పే ఐడీఎక్స్-డీఆర్ అనే ఏఐ సాఫ్ట్‌వేర్‌కు అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దాన్ని చూసి ఇక్కడ డాక్టరును తప్పించే ప్లాను వేయకండి.

వెండరును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చదవలేకపోయిన ఫొటోలను లెక్కలో కలిపారా, తీసేశారా? తీసేస్తే ఏ సాఫ్ట్‌వేరయినా గొప్పగానే కనిపిస్తుంది. థాయిలాండ్ క్లినిక్కుల్లో గూగుల్ సిస్టమ్ వాడినప్పుడు మొదటి ఆరు నెలల్లో 1,838 ఫొటోల్లో 21 శాతం నాణ్యత చాలక తిరిగొచ్చాయి. ల్యాబ్‌లో బాగా పనిచేసిన మోడలే అది. అసలు చిక్కు గది వెలుతురులో, నెట్ స్పీడులో ఉంది.

అందుకే మొదటి ఖర్చు టెక్నీషియన్ ట్రైనింగ్ మీద పెట్టండి. కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు వేయకుండా తీసేటప్పుడు గది చీకటిగా ఉండాలి, పేషెంటు అయిదు నిమిషాలు చీకట్లో కూర్చోవాలి. ఒక కంటికి ఫ్లాష్ పడగానే రెండో కంటిపాప కూడా ముడుచుకుంటుంది. కాసేపు ఆగకుండా తీస్తే ఆ ఫొటో అంచులు నల్లబడతాయి. ప్రతి కంటికీ రెండు ఫొటోలు: మాక్యులా (రెటీనాలో చూపు కేంద్రం) మధ్యలో ఉన్నది ఒకటి, ఆప్టిక్ డిస్క్ (కంటి నరం మొదలయ్యే చోటు) మధ్యలో ఉన్నది ఒకటి. వరసగా అందరి ఫొటోల్లో ఒకే చోట మచ్చ వస్తుంటే అది జబ్బు కాదు, లెన్సు మీద దుమ్ము. రెండుసార్లు తీసినా మసకగానే వస్తే ఆపేయండి. పెద్దవాళ్లలో చాలాసార్లు దానికి కారణం శుక్లమే. అలాంటివాళ్లను ‘ఫలితం లేదు’ అని పంపేయకూడదు, కంటి డాక్టరుకు రెఫర్ చేయాలి. హఠాత్తుగా చూపు తగ్గినవాళ్లను, కన్ను ఎర్రబడి నొప్పి పుడుతున్నవాళ్లను అసలు కెమెరా క్యూలో కూర్చోబెట్టవద్దు, ఆ రోజే ఆస్పత్రికి పంపాలి.

ఇక డాక్టరు టైము లెక్క. ఏఐ చదవగలిగిన ఫొటోలు ఉన్నవాళ్లు 1000 మంది అనుకుందాం. వాళ్లలో 100 మందికి రెఫర్ చేయాల్సిన స్థాయి రెటినోపతి (షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు) ఉంది. సాఫ్ట్‌వేర్ సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టే శాతం), స్పెసిఫిసిటీ (జబ్బులేనివాళ్లను సరిగ్గా నార్మల్ అనే శాతం) రెండూ 90 శాతం. జబ్బున్నవాళ్లలో 90 మందిని పట్టుకుంటుంది, పది మందిని వదిలేస్తుంది. జబ్బులేని 900 మందిలో 90 మందిని అనవసరంగా ఎర్రజెండా కిందికి తెస్తుంది. అంటే పాజిటివ్ అన్న 180 మందిలో సగం మందికి ఏమీ లేదు. ఏఐ రిపోర్టును నేరుగా వాట్సాప్‌లో పంపకూడదనడానికి ఈ ఒక్క లెక్క చాలు.

పాజిటివ్‌లన్నీ డాక్టరు చూడాలి. ఏఐ చదవలేకపోయినవీ చూడాలి. నార్మల్ అన్న 820లో పది శాతం, అంటే 82, లాటరీ తీసినట్టు ఎంచి అదే క్యూలో కలపాలి. అదనంగా చదవలేనివి 150 ఉంటే మొత్తం 412. మనిషికి రెండు నిమిషాల చొప్పున దాదాపు 14 గంటల పని. అందరివీ చూస్తే 38 గంటలు. అయితే ఆ 82లో దొరికేది, జారిపోయిన పదిలో సగటున ఒకటే. కాబట్టి శాంపిల్ చూడటం పేషెంట్లకు రక్షణ అనుకోవద్దు, మోడల్ గాడి తప్పుతోందా అని కనిపెట్టడానికే అది పనికొస్తుంది. రక్షణ కావాలంటే కటాఫ్ (ఏఐ పాజిటివ్ అనడానికి పెట్టుకున్న గీత) తగ్గించి పాజిటివ్‌లు పెరగనివ్వాలి, డాక్టరు గంటలు కొనుక్కోవాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

స్క్రీన్ మీద ఏఐ జవాబు ముందే కనిపిస్తే డాక్టరు దానికే తలూపుతాడు. ఎంత అనుభవం ఉన్నా అంతే. ముందు ఫొటో మాత్రమే చూపండి; డాక్టరు తన గ్రేడు (జబ్బు స్థాయి) నొక్కాకే ఏఐ గ్రేడు తెరవండి. ఇద్దరి మాటా కలవకపోతే ఇంకో రెటీనా స్పెషలిస్టు చూడాలి, ఏఐ ఓటును లెక్కించకూడదు. ఏఐ గ్రేడు, డాక్టరు మొదటి గ్రేడు, తుది గ్రేడు, మోడల్ వెర్షన్: నాలుగూ విడివిడిగా సేవ్ కావాలి. పాజిటివ్‌లలో డాక్టరు ఎప్పుడూ ఏఐతోనే ఏకీభవిస్తున్నాడంటే పై లెక్క ప్రకారం అది కుదరని పని, చూడకుండా నొక్కుతున్నాడన్నమాట. ఫొటోకు ఇంత అని డబ్బులిచ్చే చోట ఇది ఇంకా ఎక్కువ. గంటల లెక్కన ఇవ్వండి.

రిపోర్టులో డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ‘ఇది షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు కోసం చేసిన పరీక్ష మాత్రమే, గ్లకోమా, శుక్లం చూడలేదు’ అని తెలుగులో పెద్ద అక్షరాల్లో రాయండి. ప్రొలిఫరేటివ్ దశ (రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుట్టే ముదిరిన దశ) తేలినవాళ్లకు మెసేజ్ సరిపోదు. ‘నాకు చూపు బాగానే ఉందండీ’ అంటారు, వెళ్లరు. మనిషి ఫోన్ చేసి, అపాయింట్‌మెంట్ తీసిపెట్టి, వారంలోపు వెళ్లారో లేదో మళ్లీ కనుక్కోవాలి.

వెండరు అప్‌డేట్ పంపినా, మీరు కెమెరా మోడల్ మార్చినా, డాక్టర్లు తుది గ్రేడు ఇచ్చేసిన ఓ 300 పాత కేసులను కొత్త వెర్షన్‌తో మళ్లీ చదివించండి. పాతది పట్టిన ప్రొలిఫరేటివ్ కేసు ఒక్కటి జారినా అప్‌డేట్ ఆపి, వెండరు దగ్గర కారణం రాతపూర్వకంగా తీసుకోండి.