కెమెరా సామాను కంపెనీదే కొనాలా, బయటిది చాలా? తేల్చుకోవడం ఎలా

కెమెరా బిల్లు కట్టేశాక షాపతను కౌంటర్ మీద రెండు బ్యాటరీలు పెడతాడు. "ఇది కంపెనీది అన్నా, ఇది కంపాటబుల్. పని రెండిటిదీ ఒకటే" అంటాడు. కంపాటబుల్ అంటే వేరేవాళ్లు మన కెమెరాకు సరిపోయేలా చేసింది. ధర చూస్తే రెండోది మొదటిదానిలో మూడో వంతు ఉంటుంది. అప్పటికే కెమెరాకు, లెన్స్‌కు చేతిలో డబ్బంతా పోసి ఉంటాం కాబట్టి మనసు రెండోదాని వైపే లాగుతుంది. కొన్ని వస్తువుల్లో అలా బయటిది తీసుకోవడమే తెలివైన పని. కొన్నిటిలో మాత్రం తర్వాత చాలా బాధపడతాం.

నేను పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. ఇన్నేళ్లలో రెండు రకాలూ కొన్నాను, రెండిట్లోనూ దెబ్బ తిన్నాను. ఇప్పుడు ఏది కొనాలన్నా కింద చెప్పిన వరుసలోనే చూసుకుంటున్నాను.

మొదటి మెట్టు: థర్డ్ పార్టీ వేరు, డూప్లికేట్ వేరు

చాలామంది ఈ రెండిటినీ ఒకే గాటన కడతారు. థర్డ్ పార్టీ అంటే కెమెరా కంపెనీ కాని బయటి కంపెనీ. అది తన వస్తువు మీద తన పేరే పెట్టుకుంటుంది. సిగ్మా, టామ్రాన్ లెన్సులు, గోడాక్స్ ఫ్లాష్‌లు, స్మాల్‌రిగ్ కేజ్‌లు (కెమెరా చుట్టూ బిగించే లోహపు చట్రాలు) ఇలాంటివి. వస్తువు బాగోకపోతే చెడ్డపేరు వచ్చేది వాళ్లకే కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారు. వీటిలో కొన్ని కెమెరా కంపెనీ అనుమతితోనే వస్తాయి. కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌కు, అంటే ఆ కెమెరాల్లో లెన్స్ బిగించే చోటుకు సరిపోయేలా, సిగ్మా, టామ్రాన్ 2024లో లైసెన్స్ మీద లెన్సులు ప్రకటించాయి.

డూప్లికేట్ అలా కాదు. దాని మీద కెనాన్ అనో, నికాన్ అనో, సోనీ అనో ఉంటుంది, లోపల మాత్రం ఏముందో చెప్పే దిక్కుండదు. కంపెనీ పేరున్న బ్యాటరీ కంపాటబుల్ ధరకు దొరుకుతోందంటే అది కంపెనీది కాదని తీర్మానించుకోవచ్చు. పేరున్న థర్డ్ పార్టీ వస్తువు కొనడానికి నాకే అభ్యంతరమూ లేదు. డూప్లికేట్ మాత్రం ఎంత చవకగా వచ్చినా ముట్టుకోను. ఏ పేరూ లేని, పెట్టె మీద మోడల్ నంబర్ ఒక్కటే ఉన్న సరుకునూ ఆ కోవలోనే వేస్తాను.

రెండో మెట్టు: ఇది పాడైతే ఏం పోతుంది?

కొనబోయే ప్రతి వస్తువు గురించీ ఈ ప్రశ్న వేసుకోండి. లెన్స్ క్యాప్ విరిగితే క్యాపే పోతుంది. బ్యాటరీ పాడైతే కెమెరా పోవచ్చు. మెమరీ కార్డ్ పాడైతే ఫొటోలు పోతాయి, అవి డబ్బు పెట్టినా తిరిగి రావు. స్ట్రాప్ తెగితే కెమెరా, లెన్స్ రెండూ నేలమీద ఉంటాయి.

కరెంటు, డేటా, బరువు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఆ వస్తువు మీద ఆధారపడినా ఆచితూచి కొనాలి. మూడూ లేకపోతే చవకది కొని హాయిగా వాడుకోండి.

మూడో మెట్టు: బ్యాటరీ

అన్నిటికంటే ఎక్కువ మోసం, ఎక్కువ అయోమయం ఉన్నది ఇక్కడే.

ముందు లేబుల్ చదవండి. కెనాన్‌లో ఎల్‌పీ-ఈ6 అనే ఒకే ఆకారపు బ్యాటరీ 2008 నుంచి ఉంది. మొదట్లో దాని కెపాసిటీ 1800 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత). తర్వాత ఎల్‌పీ-ఈ6ఎన్‌లో 1865 అయింది. 2020లో ఆర్5, ఆర్6 కెమెరాలతో వచ్చిన ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్‌లో 2130 అయింది. అంత పెద్ద కంపెనీకి అదే డబ్బాలో అంత పెంచడానికి పన్నెండేళ్లు పట్టింది. కాబట్టి అదే సైజులో 3000 అని రాసి చవకగా అమ్మే బ్యాటరీని నమ్మకండి.

లేబుల్ మీద ఇంకో లెక్క ఉంటుంది. ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్ రావాలి. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 మీద 2280 ఎంఏహెచ్, 7.2 వోల్టులు, 16.4 వాట్ అవర్ అని ఉంటుంది. ఫోన్‌లో గుణించి చూడండి, లెక్క సరిపోతుంది. బయటి బ్యాటరీ మీద ఈ మూడు అంకెలూ ఒకదానికొకటి పొసగకపోతే ఆ లేబుల్ ఎవరో ఊహించి అచ్చు వేసినట్టే. ఇంకొకటి, మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీకి ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. "ఆర్" అక్షరంతో మొదలయ్యే నంబర్ లేబుల్ మీద ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరి పేరు మీద ఉందో చూపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు, ఒక నిమిషం పని.

తర్వాత చిప్ సంగతి. కెనాన్ 200డీ మార్క్ 2 లాంటి కెమెరాల్లో వాడే ఎల్‌పీ-ఈ17 బ్యాటరీలో కెమెరాతోనూ ఛార్జర్‌తోనూ మాట్లాడే చిన్న చిప్ ఉంటుంది. బయటి బ్యాటరీలు చాలావాటిలో ఆ చిప్ సరిగా ఉండదు. అప్పుడు కంపెనీ ఛార్జర్ దాన్ని ఛార్జ్ చేయదు, తెర మీద ఛార్జ్ ఎంత మిగిలిందో కనపడదు. దానితో వచ్చిన ఛార్జర్‌నే మోసుకు తిరగాలి. సరదాగా తీసుకునేవాళ్లకు ఇదేమంత ఇబ్బంది కాదు. తాళి కట్టే వేళకు బ్యాటరీలో ఎంతుందో తెలియకపోవడం నాకు మాత్రం పెద్ద టెన్షన్. అందుకే కొనే ముందు "కంపెనీ ఛార్జర్‌లో ఛార్జ్ అవుతుందా? పర్సంటేజీ చూపిస్తుందా?" అని రెండు ప్రశ్నలూ అడగండి, వీలైతే అక్కడే పెట్టి చూడండి. ఇంకో చిక్కుంది. కెనాన్ ఆర్6 లాంటివాటిలో పూర్తి బర్స్ట్ స్పీడ్, అంటే బటన్ నొక్కి పట్టుకుంటే వరుసగా ఫొటోలు తీసే వేగం, రావాలంటే ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ బ్యాటరీయే కావాలి. పాత ఎల్‌పీ-ఈ6ఎన్ వేసినా వేగం తగ్గుతుంది.

ఇక బ్యాటరీ ఉబ్బడం. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిలో తెల్లవారుజాము ముహూర్తం. ఎదుర్కోలు అయ్యాక బ్యాటరీ మారుద్దామని కెమెరా అడుగున మూత తీశాను. పక్కనున్న చిన్న గొళ్లెం నొక్కితే స్ప్రింగ్ బ్యాటరీని పైకి తోయాలి. తోయలేదు. కెమెరాను తలకిందులు చేసి అరచేతిలో తట్టాను. కదల్లేదు. గోరుతో అంచు పట్టి లాగితే ఒక మూల వెంట్రుకవాసి పైకొచ్చి ఆగిపోయింది. లోపల ఉబ్బి గోడలకు పట్టేసింది. రెండో కెమెరా బాడీ ఉండబట్టి ఆ పెళ్లి గట్టెక్కింది. తర్వాత సర్వీస్ సెంటర్‌లో కెమెరా విప్పించి తీయించాల్సి వచ్చింది. బయటి బ్యాటరీ వల్ల జరిగింది కాబట్టి వారంటీ వర్తించదన్నారు, ఆ మాటా న్యాయమే. ఆ బ్యాటరీ మీద ఏ కంపెనీ పేరూ లేదు.

అప్పటి నుంచి నెలకోసారి బ్యాటరీలన్నిటినీ, కంపెనీవాటితో సహా, గాజు బల్ల మీద పడుకోబెట్టి వేలితో తిప్పి చూస్తాను. బాగున్నది బల్లకు అంటుకుని కొద్దిగా జరిగి ఆగిపోతుంది. మధ్యలో పొట్ట వచ్చినది బొంగరంలా తిరుగుతుంది. తిరిగిందంటే ఇక దాన్ని కెమెరాలో పెట్టకూడదు. గుచ్చొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చెయ్యండి.

నా పద్ధతి ఇదీ: ప్రతి బాడీకి కనీసం రెండు కంపెనీ బ్యాటరీలు. మూడోది, నాలుగోది పేరున్న థర్డ్ పార్టీవి. ముఖ్య ఘట్టాలకు కంపెనీవి, భోజనాల దగ్గర, మెహందీ, సంగీత్‌లకు బయటివి. విమానంలో వెళ్లేవాళ్లు, సెలవులకు అమెరికా నుంచి వచ్చేవాళ్లతో సహా, విడి బ్యాటరీలు ఏ రకమైనా క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోవాలి. చెకిన్ లగేజీలో వేయకూడదు.

నాలుగో మెట్టు: ఫ్లాష్, ట్రిగ్గర్

ఇక్కడ నా మాట బ్యాటరీ గురించి చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం. చాలామందికి థర్డ్ పార్టీ ఫ్లాషే మంచిది. ఒక కంపెనీ ఫ్లాష్ ధరకు గోడాక్స్ లాంటివి రెండు ఫ్లాష్‌లు, పైన ట్రిగ్గర్ (కెమెరా మీద పెట్టి దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వెలిగించేది) కూడా వచ్చేస్తాయి. మండపంలో రెండు వైపుల నుంచి వెలుగు పడితే వచ్చే తేడా ముందు పెట్టె మీద పేరు ఎంత?

కాకపోతే రెండు చోట్ల పొరబడతారు. ఒకటి, గోడాక్స్ మోడల్ పేరు చివరి అక్షరం. సీ అంటే కెనాన్, ఎన్ అంటే నికాన్, ఎస్ అంటే సోనీ, ఎఫ్ అంటే ఫుజీ. ఆన్‌లైన్‌లో ఫొటోలు అన్నీ ఒకేలా ఉంటాయి, ఆ అక్షరం తప్పితే ఫ్లాష్ ఎంత వెలుగివ్వాలో కెమెరాయే తేల్చే లెక్క, అంటే టీటీఎల్, పనిచేయదు.

రెండోది హాట్ షూ. ఫ్లాష్ దూర్చే గాడిలో వెలుతురు పడేలా కెమెరాను వంచి చూడండి. మామూలుగా కెనాన్‌లో మధ్యన ఒక పెద్ద గుండ్రటి లోహపు చుక్క, దాని దగ్గర నాలుగు చిన్న చుక్కలు ఉంటాయి. 200డీ మార్క్ 2లో ఆ పెద్ద చుక్క ఉండదు, ఆ చోట ఉత్త ప్లాస్టిక్ కనిపిస్తుంది. చవక మాన్యువల్ ఫ్లాష్‌లు, మామూలు ట్రిగ్గర్లు ఆ చుక్క మీదే బతుకుతాయి. మన దగ్గర చాలా మంది మొదటి కెమెరాగా కొన్నది ఇదే కాబట్టి, ఫ్లాష్ కొనే ముందు ఆ మోడల్‌కు పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోండి.

నాన్నగారి స్టూడియోలోనో మామయ్య బీరువాలోనో ఫిల్మ్ కాలపు ఫ్లాష్ దొరికితే దాన్ని డిజిటల్ కెమెరా మీద నేరుగా పెట్టకండి. వాటిలో కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజ్, అంటే ఫ్లాష్ నుంచి కెమెరా హాట్ షూ చుక్క మీదకు వచ్చే వోల్టేజ్, 200 వోల్టులు దాటుతుంది. కొన్ని డిజిటల్ కెమెరాలు 6 వోల్టులకు మించి తట్టుకోలేవు.

ఐదో మెట్టు: మెమరీ కార్డ్

కార్డుల్లో కెమెరా కంపెనీ పేరు వెతకనక్కర్లేదు. ఇక్కడ భయమంతా డూప్లికేట్ల గురించే. 128 జీబీ అని చూపించే కార్డులో నిజానికి 16 జీబీయే ఉండొచ్చు. ఆ 16 జీబీ నిండేదాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత తీసినవన్నీ పాడైన ఫైళ్లే. కొన్న రోజే కంప్యూటర్‌లో పెట్టి, విండోస్ అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్ లేదా లినక్స్ అయితే ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం నింపి తిరిగి చదివించండి. పెద్ద కార్డుకు గంటకు పైగా పట్టొచ్చు, ఓపిక పట్టండి. పాసైతే కెమెరాలోనే ఫార్మాట్ చేసుకోండి. వీడియో తీసేవాళ్లు కార్డు మీద వీ30 గుర్తు చూడాలి. అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాయగలదని. పెద్ద అక్షరాల్లో ఉండే 170, 200 లాంటి అంకెలు సాధారణంగా చదివే వేగానివి.

ఆరో మెట్టు: మిగతావి

లెన్స్ హుడ్ (పక్క వెలుతురు పడకుండా లెన్స్ ముందు తగిలించే గొట్టం) నిశ్చింతగా బయటిది కొనండి. కెనాన్ ఈఎఫ్ 50ఎంఎం 1.8 ఎస్‌టీఎం లెన్స్ పెట్టెలో హుడ్ ఇవ్వరు, దాని నంబర్ ఈఎస్-68. అదే నంబర్‌తో వచ్చే బయటి హుడ్ అంతే బాగా పనిచేస్తుంది. బిగించి తెల్లగోడను ఒక ఫొటో తీసి, హుడ్ తీసేసి ఇంకోటి తీయండి. హుడ్ ఉన్న ఫొటోలో మాత్రమే మూలలు నల్లబడితే అది సరైనది కాదు. క్యాప్‌లు, బ్యాగులు, గాలి బ్లోయర్ గురించి ఇంత ఆలోచన అక్కర్లేదు.

ఫిల్టర్‌లో మాత్రం చవకకు పోవద్దు. మల్టీకోటెడ్ (వెలుతురు తిరిగి మెరవకుండా అద్దానికి పలు పూతలు వేసినది) అని ఉన్నదే తీసుకోండి. పందిరికి కట్టిన సీరియల్ బల్బుల వైపు తిప్పి ఒక ఫొటో తీస్తే, నాసి ఫిల్టర్ ప్రతి బల్బుకూ ఇంకో ఆకుపచ్చ నీడను చూపిస్తుంది. వేలకు వేలు పోసి కొన్న లెన్స్ ముందు అలాంటి అద్దం పెట్టడం నాకు మనసొప్పదు.

ట్రైపాడ్‌లో పేరున్నవన్నీ థర్డ్ పార్టీవే. కాళ్లు పూర్తిగా చాపి, పైనుంచి అరచేత్తో గట్టిగా అదమండి. ఏ కాలైనా జారితే అక్కడే వదిలేయండి. స్ట్రాప్ కొనేటప్పుడు కెమెరాకు తగిలించే చోట కుట్టు చూడండి, రంగు తర్వాత.

ఏడో మెట్టు: వెనక్కిచ్చే గడువులోనే పరీక్ష

బిల్లు తప్పకుండా తీసుకోండి, దాని మీద కంపెనీ పేరు, మోడల్ రాయించండి. బ్యాటరీ అయితే నిండా ఛార్జ్ చేసి, కెమెరాను టేబుల్ మీద పెట్టి వీడియో ఆన్ చేసి, ఆరిపోయేదాకా ఎంతసేపు నడిచిందో రాసుకోండి. కెమెరా మధ్యలో రికార్డింగ్ ఆపితే మళ్లీ నొక్కండి. కంపెనీ బ్యాటరీతోనూ అదే చేయండి. బయటిది దాంట్లో ముప్పావు వంతు నడిచినా ఆ ధరకు మంచిదే. సగం కూడా నడవకపోయినా, ఛార్జ్ అవుతుంటే చెయ్యి పెట్టలేనంత కాలినా అదే రోజు వెనక్కిచ్చేయండి.

కెమెరా ఫర్మ్‌వేర్ (కెమెరాను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసిన ప్రతిసారీ బయటి బ్యాటరీలు, ట్రిగ్గర్లు మళ్లీ పెట్టి చూడాలి. గతంలో కొన్ని నికాన్ కెమెరాల్లో అప్‌డేట్ తర్వాత బయటి బ్యాటరీలను కెమెరా ఒప్పుకోకపోవడం జరిగింది. అందుకే పెళ్లి రెండు రోజుల్లో ఉందనగా నేను అప్‌డేట్ జోలికి పోను.

పరీక్ష నెగ్గిన ప్రతి బ్యాటరీ మీదా చిన్న టేపు ముక్క అంటించి, కొన్న నెల, సంవత్సరం, వరుస నంబర్ పెన్నుతో రాసుకోండి. కంపెనీవాటికి తెల్ల టేపు, బయటివాటికి ఎర్ర టేపు పెడితే హడావుడిలో సంచీలోంచి ఏది తీసినా అది ఏ రకమో ఒక్క చూపులో తెలుస్తుంది.