జర్మన్ ఇంటిపేరులో ఊరిని పట్టుకోవడం ఎలా?

అణుబాంబు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్, అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన కిసింజర్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్‌గా చేసిన అడెనావర్. నోరు తిరగని ఈ మూడు ఇంటిపేర్లూ ఊళ్ల నుంచి వచ్చినవే. మన ఇంటిపేర్లలోనూ ఊళ్లు బోలెడు కాబట్టి ఈ కిటుకు మనకు తేలిగ్గానే పట్టుబడుతుంది.

1. ముందు తోక చూడండి. చివర ‘అర్’ అని వినిపిస్తే అనుమానించండి. మనం ‘గుంటూరోడు’ అన్నట్టే వాళ్లు బెర్లిన్ వాణ్ని బెర్లినర్ అంటారు. వియన్నా వాళ్ల భాషలో ‘వీన్’, అక్కడివాడు వీనర్.

2. తోక తీసేసి మిగిలింది చూడండి. బుర్గ్ (కోట), బెర్గ్ (కొండ), హైమ్ (ఇల్లు), డోర్ఫ్ (పల్లె), ఫుర్ట్ (ఏరు నడిచి దాటే చోటు) లాంటివి కనిపిస్తే అది దాదాపు ఊరే. ఓపెన్‌హైమ్ రైన్ నది ఒడ్డున ఇప్పటికీ ఉంది.

3. ఏమీ తేలకపోతే ‘ఎన్’ చేర్చి చూడండి. బ్రేమెన్ వాడు బ్రేమర్ అయినట్టే, కిసింగెన్ వాడు కిసింగర్. అమెరికా వెళ్లాక అదే కిసింజర్ అయింది. యూదులకు స్థిరమైన ఇంటిపేరు ఉండాలని, ఇప్పుడు జర్మనీలో భాగమైన బవేరియా 1813లో చట్టం చేసింది. హెన్రీ కిసింజర్ పూర్వీకుడు 1817లో ఈ పేరు పెట్టుకున్నాడు.

4. తొందరపడకండి. ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు, ఫిషర్ జాలరి, ష్నైడర్ దర్జీ. ఇవి వృత్తులు, వీటిలో ఊరు లేదు.

5. దొరికిన ఊళ్లోనే ఆ మనుషులు ఉంటారనుకోకండి. బెర్లిన్‌లో అందరూ బెర్లిన్ వాళ్లే, అక్కడ ఆ పేరుతో ఎవర్ని గుర్తుపడతారు? ఊరు దాటాకే అది ఇంటిపేరు అవుతుంది. గ్రామఫోన్ కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ 1851లో పుట్టింది హానోవర్‌లో. మన బెజవాడ గోపాలరెడ్డిగారిది నెల్లూరు జిల్లా కదా!

6. ఇక వస్తువుల మీద ప్రయోగించండి. హ్యాంబర్గర్‌లో హ్యామ్ (పంది మాంసం) ఏదని వెతక్కండి, అది హాంబుర్గ్ పేరు. నాకు మాత్రం డాలరే ఎక్కువ ఇష్టం. ఇప్పటి చెక్ దేశంలో యోఆకిమ్‌స్టాల్ అనే ఊళ్లో వెండి గనులుండేవి. 16వ శతాబ్దం మొదట్లో ఆ వెండితో కొట్టిన నాణెం యోఆకిమ్‌స్టాలర్. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు? తల కోసేసి టాలర్ అన్నారు, అదే డాలర్ అయింది. ‘టాల్’ అంటే లోయ. మనవాళ్లు అమెరికా నుంచి పంపే డాలర్ పేరులో ఆ ఊరు ఊడిపోయి లోయ మాత్రం మిగిలింది.