మిచిగన్‌లో జింక వేటకు వెళ్లే ముందు

నవంబర్ 15న తుపాకీ సీజన్ మొదలవగానే జింక ఎదురొచ్చి నిలబడుతుందని అనుకోకండి, చాలామంది సీజనంతా తిరిగి ఉత్త చేతులతోనే ఇంటికొస్తారు.

- లైసెన్స్ జేబులో ఉందా? హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే సాధారణంగా అది ఫెడరల్ నేరం. (ఇండియాలోనైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేటే నేరం.)
- ఆరెంజ్ జాకెట్ అన్నిటికన్నా పైన వేసుకోండి. మంచె ఎక్కితే కింద పడకుండా బెల్టు (హార్నెస్) కట్టుకోండి.
- గాలి మీ వైపు నుంచి జింక వచ్చే దారికి వీస్తుంటే ఆ చోటు వదిలేయండి, తెల్లతోక జింక మిమ్మల్ని చూడకముందే వాసన పట్టేస్తుంది, ఇక ఎంతసేపు కూర్చున్నా దండగే.
- తెల్లవారకముందే చేరి కదలకుండా కూర్చోవాలి, ఫోన్ వద్దు.
- పెద్ద కొమ్ముల కోసమే పంతమెందుకు? మీ ట్యాగ్ (లైసెన్స్‌తో వచ్చే, వేటాడిన జింకకు కట్టే చీటీ) ఆడజింకకు చెల్లితే అదీ మంచి మాంసమే.
- విసుగొచ్చి సరిగా కనిపించకుండా కాల్చొద్దు, దెబ్బతిన్న జింకను చీకట్లో వెతుక్కోవాల్సొస్తుంది.